డీలర్‌షిప్ డేటా మనదే, మరి వెండర్‌కి ఇవ్వడం ఎందుకింత కష్టం?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో మూడు స్టోర్లున్న కార్ డీలర్ గ్రూప్‌కి ఐటీ చూస్తున్నారు. సర్వీస్ అపాయింట్‌మెంట్లకీ, రిమైండర్లకీ కొత్త వెండర్‌తో సంతకాలయ్యాయి. డీఎంఎస్ (డీలర్‌షిప్ లెక్కలు, కస్టమర్ల రికార్డులు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) కంపెనీ ఏమో "ఆ వెండర్ మా ప్రోగ్రామ్‌లో సర్టిఫై అయితేనే డేటా" అంటోంది. వెండర్ ఏమో "అంత తతంగం ఎందుకు, ఒక యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చేయండి, రాత్రిపూట మేమే లాగేసుకుంటాం" అంటున్నాడు. మీ జనరల్ మేనేజర్‌కేమో మన డేటా మనం వాడుకోవడానికి ఇంకొకరి అనుమతేంటని కోపం.

పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. కారణాలు కింద చెప్తాను. మీ జనరల్ మేనేజర్ మాటలో తప్పేం లేదు. డేటా డీలర్‌దే అని చాలా డీఎంఎస్ కాంట్రాక్టుల్లోనే రాసి ఉంటుంది. కాకపోతే ఆ డేటా ఉన్న సాఫ్ట్‌వేర్, సర్వర్, అది బయటికొచ్చే దారి మీవి కావు. అందుకే "డేటా ఎవరిది" అని ఎంతసేపు వాదించినా ఒక్క ఫైలూ కదలదు. ఏ ఫీల్డులు, ఏ వైపుకి, ఎంతసేపటికోసారి, ఏ దారిలో అని కాగితం మీద పెట్టి అడిగితే కదులుతుంది.

ఈ కట్టుదిట్టం ఎలా వచ్చిందో కాస్త తెలుసుకుంటే ఎవరితో ఏం మాట్లాడాలో అర్థమవుతుంది. అమెరికా డీఎంఎస్ మార్కెట్‌లో ఏళ్ల తరబడి పెద్ద పేర్లు రెండే: సీడీకే గ్లోబల్, రేనాల్డ్స్ అండ్ రేనాల్డ్స్. సీడీకే అంటే 2014లో ఏడీపీ అనే పేరోల్ సేవల కంపెనీ నుంచి విడిపోయిన డీలర్ సర్వీసెస్ విభాగం. డీలర్‌ట్రాక్, టెకియాన్ లాంటివి ఉన్నా రూల్స్ పెట్టింది ఎక్కువగా ఈ ఇద్దరే. ఒకప్పుడు ఆథెంటికామ్ లాంటి మధ్యవర్తి కంపెనీలు డీలర్ ఇచ్చిన లాగిన్‌తోనే డీఎంఎస్‌లోకి వెళ్లి, రిపోర్టులు నడిపి, వచ్చిన డేటాని శుభ్రం చేసి వెండర్లకి పంపేవి. మీ వెండర్ ఇప్పుడు అడుగుతున్నది ఆ పాత పద్ధతే. రేనాల్డ్స్ దీన్ని ముందునుంచీ అడ్డుకుంటూ వచ్చింది. సీడీకే చాలాకాలం చూసీచూడనట్టు ఉండేది, ఎందుకంటే దాని సొంత అనుబంధ సంస్థలే రేనాల్డ్స్ సిస్టమ్స్ నుంచి ఇలా డేటా లాగేవి. 2015 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ దీనిమీద ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ తర్వాత సీడీకే కూడా భద్రత పేరు చెప్పి బయటివాళ్ల లాగిన్లు మూసేయడం మొదలెట్టింది.

2017 మే నెలలో ఆథెంటికామ్ విస్కాన్సిన్ ఫెడరల్ కోర్టుకెక్కింది. జూలైలో అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది, నవంబర్‌లో సెవెన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఇలాంటి కేసులన్నీ ఇల్లినాయ్ నార్తర్న్ డిస్ట్రిక్ట్ కోర్టులో ఒకచోట చేర్చారు. డీలర్లు వేసిన కేసులో రేనాల్డ్స్ 29.5 మిలియన్ డాలర్లకి రాజీపడింది. సీడీకే 2024లో డీలర్లకి 100 మిలియన్, వెండర్లకి 630 మిలియన్ డాలర్లకి ఒప్పుకుంది. మీ జనరల్ మేనేజర్ బహుశా ఈ వార్తలు చూసే ధీమాగా ఉన్నారు. కానీ అవన్నీ గతంలో కట్టిన ఫీజులకి సంబంధించిన పరిహారం. రేపు మీ స్టోర్లో ఎవరికి డేటా యాక్సెస్ ఉండాలన్నది ఇప్పటికీ మీ కాంట్రాక్టూ, మీ రాష్ట్ర చట్టమే తేల్చాలి.

పాస్‌వర్డ్ ఎందుకు ఇవ్వకూడదు

మొదటిది కాంట్రాక్ట్. మీ డీఎంఎస్ మాస్టర్ అగ్రిమెంట్ తెరిచి థర్డ్ పార్టీ, ఏజెంట్, ఆటోమేటెడ్ యాక్సెస్ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. మీ ఉద్యోగులు కానివాళ్లకి లాగిన్ ఇవ్వకూడదని, బాట్‌తో నడపకూడదని దాదాపు ఖాయంగా రాసి ఉంటుంది. అసలు కాంట్రాక్టులో లేకపోయినా, అందులో ప్రస్తావించిన పాలసీ గైడ్‌లో ఉంటుంది. ఆ గైడ్‌ని డీఎంఎస్ కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చన్న షరతు కూడా ఒక మూల ఉంటుంది, అదీ చూసుకోండి. ఇంతకు ముందు చెప్పిన కేసుల్లో డీఎంఎస్ కంపెనీలు ఎదురుదావాలు వేసినప్పుడు కంప్యూటర్ మోసాల చట్టం, కాపీరైట్ చట్టం రెండూ ఎత్తాయి. పేరుకి అది వెండర్ తలనొప్పే, కానీ లాగిన్ ఇచ్చింది మీరు.

రెండోది పర్మిషన్లు. డీఎంఎస్‌లో యూజర్ హక్కులు సాధారణంగా మెనూల వారీగా ఉంటాయి, ఫీల్డుల వారీగా కాదు. రిపోర్ట్ రాసే హక్కు ఇచ్చారంటే ఆ లాగిన్‌కి కస్టమర్ ఫైల్ మొత్తం తెరిచినట్టే. రిమైండర్ పంపడానికి పేరు, ఫోన్, మైలేజీ చాలు. అదే ఫైల్‌లో పుట్టినతేదీ, డ్రైవింగ్ లైసెన్స్ నంబరు ఉంటాయి, ఎఫ్ అండ్ ఐ (ఫైనాన్స్, ఇన్సూరెన్స్) వైపైతే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా. వెండర్ వాటిని వాడుకోకపోవచ్చు. అతని సర్వర్‌లోకి ఎవరైనా చొరబడ్డ రోజున మాత్రం పోయేది అంతా.

మూడోది, ఇది ఎక్కువకాలం నడవదు. పాస్‌వర్డ్ గడువు తీరుతుంది, లాగిన్ పేజీలో బొమ్మలు గుర్తుపట్టమని అడుగుతుంది, రెండో దశ కోడ్ ఎవరి ఫోన్‌కో పోతుంది, డీఎంఎస్ అప్‌డేట్‌తో స్క్రీన్ లేఅవుట్ మారుతుంది. ఇందులో ఏది జరిగినా ఆ రాత్రి ఫైల్ రాదు. నిజానికి అసలు రాకపోవడమే నయం, సగం రావడం మరీ ప్రమాదం. బాట్ మూడో పేజీ దగ్గర ఆగిపోతే వెండర్ దగ్గర ఆ రోజు ఆర్‌ఓలు (రిపేర్ ఆర్డర్లు, అంటే ఒక్కో సర్వీస్ విజిట్‌కి తెరిచే పత్రాలు) పదమూడే కనిపిస్తాయి, ఎర్రర్ ఏమీ రాదు, ఎవరికీ అనుమానం రాదు. దానికితోడు నెలాఖరు రాత్రి అకౌంటింగ్ వాళ్లు క్లోజింగ్ చేస్తున్న వేళ బాట్ పెద్ద రిపోర్ట్ నడిపితే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది, తిట్లు మీకు.

ఇప్పటికే ఇలాంటి లాగిన్లు మీ సిస్టమ్‌లో ఉండే ఉంటాయి. యూజర్ లిస్ట్ తీసి పేరోల్ లిస్ట్‌తో పోల్చండి. పేరోల్‌లో లేని పేర్లు, రోజూ తెల్లవారుజామున ఒకే సమయానికి లాగిన్ అయ్యేవి, ఏళ్ల క్రితం మానేసిన సర్వీస్ మేనేజర్ పేరుమీద ఇంకా బతికున్నవి తేలుతాయి. వెంటనే మూసేయకండి. ఒక్కోదాన్నీ ఏ వెండర్ వాడుతున్నాడో పట్టుకుని, అతనికి తేదీ ఇచ్చి మరీ మూయండి. లేకపోతే సోమవారం పొద్దున్నే వెబ్‌సైట్‌లో కార్ల ధరలు మాయమైతేగానీ అది ఇన్వెంటరీ ఫీడ్ అని తెలియదు.

సర్టిఫైడ్ దారి: ఎక్కడ ఆలస్యమవుతుంది

ప్రతి పెద్ద డీఎంఎస్‌కీ తనదైన ప్రోగ్రామ్ ఉంది. సీడీకేకి పార్ట్‌నర్ ప్రోగ్రామ్, ఫోర్టెలిస్ ప్లాట్‌ఫామ్. రేనాల్డ్స్‌కి సర్టిఫైడ్ ఇంటర్‌ఫేస్ ప్రోగ్రామ్, అందరూ ఆర్‌సీఐ అంటారు. డీలర్‌ట్రాక్‌కి ఓపెన్‌ట్రాక్. పేర్లు వేరైనా పని ఒకటే: వెండర్ దరఖాస్తు, సెక్యూరిటీ పరిశీలన, టెస్ట్ స్టోర్ మీద పరీక్ష, ఆ తర్వాత డీలర్ సంతకంతో స్టోర్‌వారీగా ఆన్ చేయడం.

"మేం సర్టిఫైడ్" అని వెండర్ సేల్స్ మనిషి చెప్తే నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఏ ప్రొడక్ట్‌కి సర్టిఫికేషన్? వెండర్ సీఆర్ఎం (కస్టమర్ సంబంధాల సాఫ్ట్‌వేర్) సర్టిఫై అయి, అపాయింట్‌మెంట్ ప్రొడక్ట్ కాకపోవచ్చు. అలాంటప్పుడు కంపెనీ పేరు లిస్ట్‌లో ఉన్నా మీకు లాభం లేదు. మీరు వాడే డీఎంఎస్ వెర్షన్‌కేనా? రేనాల్డ్స్‌లో ఈఆర్ఏ-ఇగ్నైట్ వేరు, పవర్ వేరు. చదవడానికేనా, రాయడానికి కూడానా? చివరిది, డేటా నేరుగా వస్తుందా, మధ్యలో ఇంకో కంపెనీ ద్వారా వస్తుందా? మధ్యలో ఎవరైనా ఉంటే వాళ్లతోనూ మీకు డేటా ఒప్పందం కావాలి.

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ ప్రాజెక్టులు బోల్తా పడతాయి. మూసేసిన ఆర్‌ఓలని రాత్రికోసారి చదవడం తేలిక. అపాయింట్‌మెంట్‌ని డీఎంఎస్‌లోకి తిరిగి రాయడం వేరే లెక్క: వేరే ప్యాకేజీ, వేరే ఫీజు, విడిగా పరీక్ష. రీడ్ మాత్రమే ఉన్న వెండర్ "ఇంటిగ్రేటెడ్" అనే చెప్పుకుంటాడు. తీరా చూస్తే అతని స్క్రీన్‌లో పడ్డ అపాయింట్‌మెంట్‌ని మీ వాళ్లు డీఎంఎస్‌లో మళ్లీ చేత్తో టైప్ చేస్తుంటారు. డెమోలో ఒక అపాయింట్‌మెంట్ పెట్టించి, పది నిమిషాల్లో డీఎంఎస్ స్క్రీన్‌లో కనిపిస్తుందేమో మీ కళ్లతో చూడండి. దాన్ని మార్చమనండి, రద్దు చేయమనండి. కొత్తది రాయడం పనిచేసి, రద్దు పనిచేయని ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి.

ఖర్చు సంగతి. డీఎంఎస్ కంపెనీ వెండర్ దగ్గర నెలకి స్టోర్‌కింత అని వసూలు చేస్తుంది, వెండర్ దాన్ని మీ బిల్లులో కలిపేస్తాడు. కొన్ని ప్రోగ్రామ్‌ల నిబంధనల వల్ల ఆ మొత్తాన్ని విడిగా చూపించకూడదని వెండర్లు వాపోతుంటారు. అయినా అడగండి: "ఇంటిగ్రేషన్ లేకుండా మీ ధరెంత, ఉంటే ఎంత?" తేడా ఎంతో తెలిసిపోతుంది. కాంట్రాక్టులో ఇంటిగ్రేషన్ ఫీజు పెంపుకి పరిమితి రాయించండి. మరీ ముఖ్యంగా, వెండర్ బిల్లింగ్ సంతకం రోజు నుంచి కాకుండా మూడు స్టోర్లలోనూ డేటా సరిపోలిందని మీరు ఒప్పుకున్న రోజు నుంచి మొదలయ్యేలా రాయించండి. మీరు ఇప్పటికే సంతకం చేశారు కాబట్టి ఈ సవరణ ఇప్పుడు అడగాలి, వెండర్‌కి మీ సహకారం అవసరమైన ఈ వారంలోనే.

స్టోర్ మ్యాపింగ్ చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ వారాలు తినేస్తుంది. మూడు స్టోర్లకి డీఎంఎస్‌లో మూడు నంబర్లే ఉండవు. సర్వీస్, పార్ట్స్, అకౌంటింగ్, ఎఫ్ అండ్ ఐ ఒక్కోదానికి ఒక్కో లాజికల్ అకౌంట్ ఉండొచ్చు, రెండు స్టోర్లు ఒకే అకౌంటింగ్ బుక్స్ పంచుకోవచ్చు, క్విక్ లేన్‌కి (త్వరగా అయ్యే చిన్న సర్వీసుల విభాగానికి) విడి ఆర్‌ఓ నంబర్ల వరుస ఉండొచ్చు. ఫారమ్ నింపే ముందు ఆఫీస్ మేనేజర్‌ని కూర్చోబెట్టుకుని ఒక పట్టిక గీయండి: స్టోర్ పేరు, ఏ విభాగానికి ఏ అకౌంట్ కోడ్, ఆర్‌ఓ నంబర్ల వరుస ఎక్కడ మొదలు. ఇది తప్పుపోతే ఒక స్టోర్ కస్టమర్‌కి ఇంకో స్టోర్ పేరుతో మెసేజ్ వెళ్తుంది. రెండు స్టోర్లలో ఒకే ఆర్‌ఓ నంబరు ఉంటే వెండర్ డేటాబేస్‌లో ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. స్టోర్ కోడ్, ఆర్‌ఓ నంబరు రెండూ కలిపి కీగా వాడుతున్నారా అని అడగండి.

కనెక్షన్ కలిసింది, డేటా మాత్రం తప్పు

అనుమతుల గొడవ తీరితే పని అయిపోయిందనుకుంటారు, అసలు పని అక్కడ మొదలవుతుంది. మీది సర్వీస్ ఫీడ్ కాబట్టి ఆర్‌ఓనే దగ్గరగా చూద్దాం.

ఒక ఆర్‌ఓ మంగళవారం తెరుచుకుంటుంది, గురువారం మూతపడుతుంది. ఆ రాత్రి "ఇవాళ మూసినవి" అన్న లెక్కన వెండర్‌కి వెళ్తుంది. శుక్రవారం వారంటీ క్లర్క్ దాన్ని మళ్లీ తెరిచి ఒక లేబర్ లైన్ ఆప్‌కోడ్ (ఏ పని చేశారో చెప్పే కోడ్) మార్చి మూస్తాడు. డీఎంఎస్ పాత మూసివేత తేదీనే ఉంచితే ఆ సవరణ వెండర్‌కి ఎప్పటికీ చేరదు. కొత్త తేదీ వేస్తే, వెండర్ దగ్గర అదే విజిట్ రెండుసార్లు నమోదై కస్టమర్‌కి రెండు సర్వే లింకులు పోతాయి. మందు ఏమిటంటే మూసివేత తేదీని కాకుండా చివరిసారి మార్చిన తేదీని ఆధారం చేసుకోవడం, ప్రతి రాత్రీ ఒక్క రోజు కాకుండా గత 7 రోజులవి మళ్లీ పంపడం, వెండర్ వైపు ఉన్న రికార్డు మీదే కొత్తది రాయడం. నెలకోసారి గత 60 లేదా 90 రోజులవి పూర్తిగా మళ్లీ పంపితే వారంటీ సవరణలు కూడా సర్దుకుంటాయి. రద్దయిన ఆర్‌ఓలు ఫైల్‌లో రద్దు గుర్తుతో వస్తున్నాయా, లేక చప్పుడు లేకుండా మాయమవుతున్నాయా అన్నదీ చూడండి. మాయమైతే వెండర్ దగ్గర అవి శాశ్వతంగా బతికే ఉంటాయి.

ఆ ఆర్‌ఓలోనే లేబర్ టైప్ ఉంటుంది: కస్టమర్ పే, వారంటీ, ఇంటర్నల్. ఇంటర్నల్ అంటే మీ యూజ్డ్ కార్ల విభాగం తన కార్లకి తానే చేయించుకునే పని, కస్టమర్ స్థానంలో డీలర్‌షిప్ పేరే ఉంటుంది. దీన్ని వడకట్టకపోతే మీ రిసెప్షన్ నంబరుకే "మీ ఆయిల్ మార్చే సమయం వచ్చింది" అని మెసేజీలు వస్తాయి. నవ్వొస్తుంది కానీ, అదే ఫిల్టర్ లేకపోవడం వల్ల నెలవారీ రిపోర్ట్‌లో కస్టమర్ల సంఖ్య కూడా ఉబ్బిపోతుంది.

ఆప్‌కోడ్‌లు ఇంకో తలనొప్పి. మూడు స్టోర్లలో ఒకే ఆయిల్ మార్పుకి మూడు కోడ్‌లుంటాయి, ఒకే స్టోర్‌లో కూడా సింథటిక్‌కి ఒకటి, కూపన్‌కి ఒకటి, పాత మేనేజర్ పెట్టినది ఇంకొకటి. వెండర్ "మా సిస్టమే గుర్తుపడుతుంది" అంటాడు, నమ్మకండి. గత 12 నెలల్లో వాడిన ఆప్‌కోడ్‌లని ఎన్నిసార్లు వాడారో లెక్కతో తీయించండి. పై వరుసలో ఉన్న కొద్ది కోడ్‌లే పనిలో అధికభాగం మోస్తాయి, వాటిని సర్వీస్ మేనేజర్‌తో కూర్చుని చేత్తో మ్యాప్ చేయండి. మిగతావి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

కస్టమర్‌కీ బండికీ ముడి కూడా పరీక్షించాలి. ట్రేడ్-ఇన్ ఇచ్చేసిన కారు డీఎంఎస్‌లో పాత యజమాని పేరుమీదే ఉండిపోతుంది, అదే కారు కొన్న కొత్తాయన కింద రెండో రికార్డు పుడుతుంది. వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) 17 అక్షరాలు, అందులో ఐ, ఓ, క్యూ ఉండవు, తొమ్మిదో స్థానం చెక్ డిజిట్ (మిగతా నంబరు సరిగ్గా ఉందో లేదో చూపేది). ఈ మూడు పరీక్షలు పెడితే టైపింగ్ తప్పులు చాలావరకు పట్టుబడతాయి. ఫైల్ వేసేటప్పుడే వెండర్ ఇవి చేస్తున్నాడా, తప్పినవాటిని మీకు తిరిగి పంపుతున్నాడా అని అడగండి. సేల్స్ డేటా కూడా ఇస్తే అన్‌వైండ్ల సంగతి ముందే తేల్చుకోండి. డీల్ రద్దయి కారు వెనక్కొచ్చిన కస్టమర్‌కి "కొత్త కారుకి శుభాకాంక్షలు" అని వెళ్లిందంటే ఆ ఫోన్ కాల్ తీసుకోవాల్సింది మీ సేల్స్ మేనేజరే.

కొన్ని చిల్లర విషయాలు, కానీ కొంపలు ముంచేవి. సీఎస్‌వీ (గడుల్ని కామాలతో వేరుచేసే) ఫైల్‌ని మధ్యలో ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే న్యూజెర్సీ, మసాచుసెట్స్ జిప్ కోడ్‌ల ముందున్న సున్నా ఎగిరిపోతుంది. పేరు కాలమ్‌లో కామా ఉంటే అక్కణ్నుంచి వరుసంతా ఒక గడి పక్కకి జరుగుతుంది, కాబట్టి కామా బదులు నిలువుగీత వాడమనండి. అపాయింట్‌మెంట్ సమయం స్టోర్ లోకల్ టైమా, యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయమా) అన్నది రాతలో ఉండాలి. అరిజోనాలో స్టోర్ ఉందా, ఇంకా జాగ్రత్త: ఆ రాష్ట్రంలో దాదాపు అంతటా గడియారం మార్చరు, మార్చిలో వెండర్ సిస్టమ్ ఒక గంట జరిగిపోతుంది.

"సంప్రదించవద్దు" గుర్తు గురించి మాత్రం రాజీ పడకండి. కస్టమర్ మీ సర్వీస్ అడ్వైజర్‌కి చెప్తే అది డీఎంఎస్‌లో పడుతుంది, వెండర్ మెసేజ్‌కి స్టాప్ అని బదులిస్తే వెండర్ దగ్గర పడుతుంది. రెండూ ఒకదానికొకటి తెలియాలి. రీడ్-మాత్రమే ఫీడ్‌లో రెండోది డీఎంఎస్‌కి చేరదు. తర్వాత వెండర్‌ని మారిస్తే కొత్త వెండర్‌కి పాత స్టాప్‌లేవీ తెలియవు, వద్దన్నవాళ్లకే మళ్లీ మెసేజీలు వెళ్తాయి. టెక్స్ట్ మెసేజీల మీద టీసీపీఏ (అనుమతి లేని కాల్స్, మెసేజీలని నియంత్రించే అమెరికా చట్టం) కింద కేసులు మెసేజ్‌కింత అని లెక్కకడతారు. కనీసం నెలకోసారి స్టాప్ లిస్ట్‌ని ఫైల్‌గా వెనక్కి ఇవ్వాలని కాంట్రాక్టులో పెట్టండి.

అపాయింట్‌మెంట్లు తిరిగి రాసేటప్పుడు రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, కస్టమర్‌ని ఎలా గుర్తుపడతారన్నది. పేరు మీద ఆధారపడితే డూప్లికేట్లు కుప్పలుగా పుడతాయి. ఫోన్ నంబర్ పది అంకెలకి శుభ్రం చేసి, దానితోపాటు వీఐఎన్ సరిపోలితేనే పాత రికార్డు, లేకపోతే మనిషి చూసేదాకా పక్కన పెట్టాలి. రెండోది, అడ్వైజర్ ఆ కస్టమర్ స్క్రీన్ తెరిచి ఉంచినప్పుడు కొన్ని డీఎంఎస్‌లలో ఆ రికార్డు లాక్ అవుతుంది, బయటినుంచి రాసేది తిరస్కరణకి గురవుతుంది. వెండర్ మళ్లీ ప్రయత్నిస్తాడా, ఎన్నిసార్లు, చివరికి కుదరకపోతే ఎవరికి ఈమెయిల్ వస్తుంది? దీనికి సమాధానం లేని వెండర్ దగ్గర అపాయింట్‌మెంట్ కస్టమర్ ఫోన్‌లో ఖాయమై, మీ షాప్ షెడ్యూల్‌లో ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. పోయిన వారంలో ఒక మామూలు రోజు తీసుకోండి. డీఎంఎస్ నుంచి ఆ రోజు మూసిన ఆర్‌ఓల సంఖ్య, కస్టమర్ పే లేబర్ మొత్తం, పార్ట్స్ మొత్తం స్టోర్‌వారీగా తీయండి. వెండర్‌ని తన వైపు అవే అంకెలు ఇవ్వమనండి. సంఖ్య ఒక్కటి తేడా ఉన్నా ఏ ఆర్‌ఓనో పేరుపెట్టి చెప్పించండి. తర్వాత నెలాఖరు రోజు, ఒక శనివారం అలాగే చూడండి. మూడూ సరిపోలితే సంతకం చేయండి. పాత చరిత్ర ఒకేసారి ఎక్కించేటప్పుడు ఇదే పరీక్ష ఏడాదివారీగా చేయాలి, ఎందుకంటే డీఎంఎస్ మారిన ఏడాది దగ్గర డేటా తెగిపోయి ఉంటుంది.

సర్టిఫికేషన్ లేని వెండరే కావాలంటే

ఒక మధ్యదారి ఉంది. డీఎంఎస్‌లోని రిపోర్ట్ జనరేటర్‌తో మీ ఉద్యోగే రిపోర్ట్ తయారుచేసి, మీ ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లు భద్రంగా పంపుకునే) సర్వర్‌లో పెట్టడం, వెండర్ అక్కడినుంచి తీసుకోవడం. డీఎంఎస్‌లోకి బయటివాడెవడూ రాడు, ఏ కాలమ్ వెళ్లాలో మీరే ఎంచుకుంటారు. అయినా ముందు కాంట్రాక్ట్ చూసుకోండి. కొన్ని ఎగుమతి చేసిన డేటాని పంచుకోవడం మీద కూడా షరతులు పెడతాయి. ఇది చదవడానికి మాత్రమే పనికొస్తుంది, రియల్ టైమ్ కాదు, ఆ రిపోర్ట్ నడిపే మనిషి సెలవు పెడితే ఆగిపోతుంది. అయినా రిమైండర్లకి ఇది చాలు. అపాయింట్‌మెంట్లకి చాలదు. మీ వెండర్ సర్టిఫికేషన్‌కి నెలలు పడుతుందంటే, ఈలోపు రిమైండర్లు ఈ దారిలో మొదలుపెట్టి, అపాయింట్‌మెంట్ల భాగాన్నీ దాని బిల్లునీ ఆపి ఉంచడం నా సలహా. ఫైల్‌ని ఈమెయిల్‌కి జోడించి పంపడం మాత్రం వద్దు.

చట్టం ఎటువైపు

ఫైనాన్స్ లేదా లీజు ఏర్పాటుచేసే డీలర్ ఎఫ్‌టీసీ (అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్) దృష్టిలో ఆర్థికసంస్థే, కాబట్టి కస్టమర్ సమాచార భద్రత మీద దాని సేఫ్‌గార్డ్స్ రూల్ వర్తిస్తుంది. సవరించిన రూల్‌లో ముఖ్యభాగాలు 2023 జూన్ 9 నుంచి అమల్లో ఉన్నాయి: బాధ్యుడిగా ఒక వ్యక్తిని నియమించడం, రాతపూర్వక రిస్క్ అంచనా, మల్టీ ఫ్యాక్టర్ లాగిన్, నిల్వలోనూ ప్రయాణంలోనూ ఎన్‌క్రిప్షన్, యూజర్ల కదలికల లాగ్. సర్వీస్ ప్రొవైడర్లని చూసి ఎంచుకోవడం, కాంట్రాక్టులో భద్రత షరతులు పెట్టడం, అప్పుడప్పుడు మళ్లీ తనిఖీ చేయడం డీలర్ బాధ్యతే. 2024 మే 13 నుంచి, ఎన్‌క్రిప్ట్ కాని సమాచారం 500 లేదా అంతకు మించిన మందిది బయటపడితే తెలిసిన 30 రోజుల్లోపు ఎఫ్‌టీసీకి చెప్పాలి. వెండర్ దగ్గర పోయినా కస్టమర్లు మీవాళ్లు. అందుకని వెండర్ మీకు 72 గంటల్లోపు చెప్పాలని కాంట్రాక్టులో పెట్టండి, లేకపోతే మీ 30 రోజుల్లో ఇరవై అతను తినేస్తాడు.

ఇది ఊహాగానం కాదు. డీలర్‌బిల్ట్ పేరుతో నడిచిన లైట్‌ఇయర్ అనే డీఎంఎస్ కంపెనీ మీద ఎఫ్‌టీసీ 2019లో చర్య తీసుకుంది. ఒక ఉద్యోగి బ్యాకప్ నెట్‌వర్క్‌కి నిల్వ పరికరం తగిలించి భద్రత సరిచూడకపోవడంతో ఏడాదిన్నర పాటు ఒక పోర్ట్ తెరిచి ఉండిపోయింది. 130 డీలర్లకి చెందిన దాదాపు 1.25 కోట్ల మంది కస్టమర్ల సమాచారం ఎన్‌క్రిప్షన్ లేకుండా హ్యాకర్‌కి అందుబాటులోకి వచ్చింది. కాబట్టి డీఎంఎస్ కంపెనీ "భద్రత" అన్నప్పుడల్లా అది సాకు కాదు. అలాగని వాళ్ల చేతిలో ఉన్నంత మాత్రాన భద్రమూ కాదు.

డీలర్ పక్షాన ఉన్న చట్టాల్లో అరిజోనాది బాగా పరీక్షకి నిలిచింది. 2019లో వచ్చిన ఆ చట్టం ప్రకారం డీలర్ అనుమతిచ్చిన ఇంటిగ్రేటర్‌ని (డేటా తీసుకునే బయటి కంపెనీని) డీఎంఎస్ కంపెనీ అడ్డుకోకూడదు, నేరుగా అయిన ఖర్చుకి మించి ఫీజు వేయకూడదు, ఓపెన్ ఏపీఐ (బయటి సాఫ్ట్‌వేర్ డేటా తీసుకునే దారి) ఇవ్వాలి. ఇంటిగ్రేటర్ మాత్రం స్టార్ (ఆటో రిటైల్ పరిశ్రమ డేటా) ప్రమాణాలో, వాటికి సమానమైనవో పాటించాలి. సీడీకే, రేనాల్డ్స్ కలిసి సవాలు చేస్తే 2021 అక్టోబర్‌లో నైన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు చట్టాన్ని నిలిపివేయడానికి నిరాకరించింది. ఇంకొన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. మీ స్టోర్లున్న రాష్ట్రం సంగతి మీ రాష్ట్ర డీలర్ అసోసియేషన్ న్యాయవాదిని అడగండి, ఒక్క ఫోన్ కాల్‌తో తేలుతుంది. చట్టం ఉంటే డీఎంఎస్ కంపెనీకి రాసే లేఖలో సెక్షన్ నంబర్‌తో సహా ప్రస్తావించండి. ఆ ఒక్క వాక్యంతో మీ టికెట్ సపోర్ట్ డెస్క్ నుంచి లీగల్ విభాగానికి మారుతుంది.

వెండర్ కాగితంలో, డీఎంఎస్ రెన్యువల్‌లో

వెండర్‌తో డేటా ఒప్పందానికి ఒక అనుబంధ పత్రం ఉండాలి, అందులో ఫీల్డుల జాబితా. "సేవలందించడానికి అవసరమైన డేటా" లాంటి గోడమీది పిల్లివాటం వాక్యం వద్దు. రిమైండర్లకి, అపాయింట్‌మెంట్లకి కావలసింది పేరు, ఫోన్, ఈమెయిల్, వీఐఎన్, మైలేజీ, ఆర్‌ఓ తేదీలు, ఆప్‌కోడ్‌లు, అడ్వైజర్ నంబరు, సంప్రదింపు గుర్తులు. లాభాల అంకెలు, సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ సమాచారం ఎందుకని అడిగితే ఏ వెండరూ సరైన కారణం చెప్పలేడు. పేర్లు తీసేసిన డేటాని మరొకరికి అమ్ముకునే హక్కు సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది, కొట్టేయించండి. ఒప్పందం ముగిశాక 30 రోజుల్లో డేటా తుడిచేసి రాతలో ధ్రువీకరించాలి.

వెండర్‌ని మానేసినప్పుడు బిల్లు ఆపితే ఫీడ్ ఆగదు. ఈ రెండూ వేర్వేరు. డీఎంఎస్ పోర్టల్‌లో ఆ వెండర్ అనుమతిని మీరే రద్దు చేయాలి. మూడు స్టోర్లలోనూ, అన్ని ప్యాకేజీలకీ చేయాలి. ఆర్నెల్లకోసారి యాక్టివ్ ఫీడ్ల జాబితా తీస్తే ఎప్పుడో మానేసిన వెండర్లకి డేటా ఇంకా వెళ్తుండటం కనిపిస్తుంది.

డీఎంఎస్ కంపెనీతో బేరానికి బలం ఒక్కసారే ఉంటుంది, రెన్యువల్‌కి ముందు. కాంట్రాక్టులు ఏళ్ల తరబడి ఉంటాయి, నోటీస్ గడువు దాటితే వాటంతటవే పొడిగింపు అవుతాయి. ఆ గడువు తేదీ ఇవాళే క్యాలెండర్‌లో పెట్టుకోండి. మూడు స్టోర్లకి మూడు వేర్వేరు ముగింపు తేదీలుంటే మీకు బేరమే ఉండదు, ముందు వాటిని ఒకే తేదీకి తెప్పించండి. అడగాల్సినవి: అన్ని ఇంటర్‌ఫేస్‌ల ధరల పట్టిక, మీరు ఎంచుకున్న వెండర్‌కి ఎన్ని రోజుల్లో కనెక్షన్ ఇస్తారన్న గడువు, పాలసీ గైడ్ మార్పులు మీ సమ్మతి లేకుండా వర్తించకపోవడం, ఒప్పందం ముగిసినప్పుడు పూర్తి డేటా వాడుకోగల ఫార్మాట్‌లో ఇవ్వడం.

చివరి అంశాన్ని 2024 జూన్ తర్వాత ఎవరూ తేలిగ్గా తీసుకోవట్లేదు. ఆ నెల 19న సీడీకే మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బడిగే) దాడి జరిగితే దాదాపు 15,000 డీలర్‌షిప్‌లు రోజుల తరబడి చేత్తో కాగితాలు రాసుకున్నాయి. రాత్రికోసారి కస్టమర్, ఆర్‌ఓ, అపాయింట్‌మెంట్, ఇన్వెంటరీ ఫైళ్లు సొంత ఎన్‌క్రిప్టెడ్ నిల్వలో పెట్టుకుంటే రేపు పొద్దున ఎవరు వస్తారో అయినా తెలుస్తుంది. వెండర్ కోసం తయారుచేసే ఫైల్‌నే ఒక కాపీ మీరూ ఉంచుకోండి, అదనపు పనేం లేదు.

ఈ వారం చేయాల్సింది రెండు ఈమెయిళ్లు. వెండర్‌కి: ప్రొడక్ట్ పేరు, డీఎంఎస్ వెర్షన్, రీడ్-రైట్ వివరాలతో సర్టిఫికేషన్ స్థితి, బాకీ ఉన్న దశలు, ఒక్కోదానికి తేదీ, అప్పటిదాకా బిల్లింగ్ నిలుపుదల. డీఎంఎస్ అకౌంట్ మేనేజర్‌కి: మీ మూడు స్టోర్ల కోడ్‌లు, ఫలానా వెండర్‌కి ఫలానా ఫీల్డులు ఇవ్వడానికి డీలర్ లిఖితపూర్వక సమ్మతి, దానికి సరిపడే ప్యాకేజీలు, వాటి ధరలు, కాదంటే ఏ క్లాజు ప్రకారం కాదంటున్నారో. డీలర్ ప్రిన్సిపల్ (యజమాని) సంతకంతోనే పంపండి, ఐటీ నుంచి వెళ్తే అది మామూలు సపోర్ట్ టికెట్‌గానే మిగిలిపోతుంది.